కొత్త లెన్స్ కొనేముందు గట్టు మార్చి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మియాపూర్‌లో ఉంటారు, చేతిలో నికాన్ డీ5600 కెమెరా, దాంతోపాటు వచ్చిన 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఉన్నాయి. ఆదివారాలు అమీన్‌పూర్ చెరువుకు వెళ్తున్నారు. బాతులు ఫొటోలో చుక్కల్లా వస్తున్నాయి. నాలుగడుగులు ముందుకేస్తే అన్నీ కలిసి లేచిపోతున్నాయి. ఎగిరేవాటిని తీస్తే మసకగా ఉంటున్నాయి. 150-600 లెన్స్ కొంటే సరిపోతుందా, ఈ చలికాలం ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి, పొగమంచు, పొలాలు, చెట్లు కూడా తీయాలంటే ఎలా, రా (తర్వాత సరిదిద్దుకోవడానికి సెన్సర్ సమాచారమంతా ఉంచే పెద్ద ఫైలు) తీయాలా, జేపెగ్ (కుదించిన మామూలు ఫైలు) చాలా అని అడిగారు.

డబ్బుతో కూడిన వ్యవహారం కాబట్టి లెన్స్‌తోనే మొదలుపెడతాను. ఇప్పుడే కొనకండి. పొడుగు లెన్స్ దండగ అని కాదు, నా సంచిలోనూ ఒకటుంది. కానీ మీ ఇబ్బంది మిల్లీమీటర్లది కాదు, దూరానిది. ఒకసారి లెక్క వేద్దాం. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 300 దగ్గర పెట్టి 60 మీటర్ల దూరంలో ఉన్న బాతును తీస్తే, ఫ్రేములో అడ్డంగా 4.7 మీటర్ల మేర నీళ్లు పడతాయి. బాతు పొడవు అర మీటరు అనుకుంటే, ఫొటో వెడల్పులోని 6000 పిక్సెళ్లలో దాని వాటా సుమారు 640. 600 లెన్స్ పెడితే 1280 అవుతుంది. అదే బాతు 20 మీటర్లలోకి వస్తే మీ దగ్గరున్న 300తోనే 1900 దాటుతుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా కొత్త లెన్స్ కంటే ఎక్కువే వచ్చింది.

పైగా మధ్యలో ఉండే గాలి కూడా తగ్గుతుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట చెరువు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, పైన గాలి చల్లగా ఉంటుంది. ఆ తేడా వల్ల నీటి మీద గాలి సన్నగా కదలాడుతూ ఉంటుంది. కంటికి అంతగా తెలియదు కానీ ఫొటోలో ఈకల గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తొమ్మిదిన్నర, పది దాటాక గట్టు వేడెక్కి మళ్లీ అదే తంటా. లక్షలు పోసి కొన్న లెన్స్ కూడా ఈ గాలిని దాటి చూడలేదు. ఫోకస్ సరిగ్గానే ఉన్నా దూరం బాతులు మెత్తగా రావడానికి సగం కారణం ఇదే. కారులోంచి తీసేవాళ్లకూ ఇదే జరుగుతుంది. లోపల వెచ్చగా, బయట చల్లగా ఉంటే కిటికీ దగ్గరే గాలి చెదురుతుంది. ఇంజిన్ ఆపేసి, అద్దాలన్నీ దించి, పది నిమిషాలు ఆగి తీయండి.

మరి 20 మీటర్లలోకి ఎలా వెళ్లడం? వెళ్లకూడదు. మీరు ఒకచోట ఉండాలి, అవి రావాలి. నిలబడి తమవైపు నడిచొచ్చే మనిషి ఎంత నెమ్మదిగా వచ్చినా బాతుకు అపాయమే. అదే చెరువులో థర్మాకోల్ తెప్ప మీద వల తీసుకునే ఆయన వాటి పక్కనుంచే పోతుంటాడు, అవి కాస్త జరుగుతాయి అంతే. ఆయన రోజూ వచ్చేవాడు, రోజూ అదే దారి, అదే వేగం. అమీన్‌పూర్‌లో ఒకాయన నన్ను చూసి, "తిరుక్కుంట ఉంటే అవి ఆగయ్ సార్. ఒక్కకాడ కూసోండ్రి, జెర సేపటికి మిమ్మల్ని మర్చిపోతయ్" అన్నాడు. పిట్టల ఫొటోగ్రఫీ పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసేదంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

చేయాల్సింది ఇది. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం 6:45 ప్రాంతంలో అవుతుంది. ఆరింటికల్లా, ఇంకా మసక చీకటిగా ఉండగానే మీ చోటికి చేరిపోవాలి. ముందురోజు సాయంత్రం వెళ్లి చోటు చూసి పెట్టుకుంటే మంచిది. జమ్ము మొక్కలో, తుంగో, చిన్న పొదో వెనక ఉండేలా చూసుకోండి. మనిషి ఆకారం ఆకాశానికి అడ్డుగా కనబడకపోవడం ముఖ్యం, అందుకే ముందు పొద లేకపోయినా వెనక ఉంటే పని జరుగుతుంది. పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి పరుచుకుని పడుకోండి లేదా కూర్చోండి. తడి అంటదు, బురద అంటదు, పోయినా బాధ లేదు. పాత జీన్స్ కాలు కత్తిరించి ఒకవైపు కుట్టి, బియ్యమో జొన్నలో నింపి రెండో వైపు కూడా కుట్టేస్తే లెన్స్ కింద పెట్టుకునే దిండు తయారు. ఈ పనికి ట్రైపాడ్ కంటే అదే మేలు. బట్టలు మట్టిరంగువో, ముదురు ఆకుపచ్చవో వేసుకోండి. సైనికుల దుస్తులేమీ అక్కర్లేదు కానీ తెల్ల టోపీ మాత్రం వద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

ఇక ముప్పై నలభై నిమిషాలు కదలకూడదు. ముందుగా మామూలుగా వచ్చేవి కూట్‌లు, నల్లటి ఒళ్లు, తెల్లటి ముక్కు ఉన్నవి. వాటికి భయం తక్కువ. అవి మీ ముందు తిరుగుతుంటే వాటి వెనకే చిన్న టీల్ బాతులు, గార్గనీ బాతులు వస్తాయి. వెడల్పు ముక్కు షోవెలర్లకు అనుమానం ఎక్కువ, అవి చివర్న వస్తాయి లేదా రానే రావు. మేత మేస్తున్న బాతులన్నీ ఒక్కసారిగా తలలెత్తి, మెడలు నిటారుగా పెట్టి, మెల్లగా లోపలికి ఈదడం మొదలెట్టాయంటే మీరేదో చేశారని అర్థం. అక్కడికక్కడే ఆగిపోండి. అప్పుడు ఆగితే ఐదు నిమిషాల్లో సర్దుకుంటాయి. అప్పుడే ఇంకో ఫొటో కోసం మోచేయి జరిపితే లేచిపోతాయి, ఆ పూటకి అంతే సంగతులు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఏ గట్టు మీద కూర్చోవాలి అనేది. అందరూ ఎండ వీపువైపు ఉండాలని చెబుతారు, గాలి గురించి ఎవరూ చెప్పరు. నీటి పక్షులు దిగేటప్పుడూ, ఎగిరేటప్పుడూ గాలికి ఎదురుగానే ఉంటాయి. మన దగ్గర చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచి వీస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా కొంచెం దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. ఈ రెండూ కలిపి చూస్తే, పొద్దున పూట మీరు తూర్పు గట్టున పడమర వైపు చూస్తూ కూర్చోవాలి. ఎండ వెనక నుంచి వస్తుంది, గాలీ వెనక నుంచే వస్తుంది. దిగే బాతులన్నీ రెక్కలు వెడల్పుగా చాచి, కాళ్లు ముందుకు పెట్టి, మీ ముఖంలోకి చూస్తూ దిగుతాయి. అదే చెరువుకు పడమటి గట్టున కూర్చుంటే పొద్దంతా తోకలే తీస్తారు, అదీ ఎదురెండలో. మీరు పంపిన నమూనా ఫొటోల్లో బాతుల ఒళ్లు నల్లగా, నీళ్లు తెల్లగా ఉన్నాయంటే మీరు కూర్చున్నది ఆ వైపే అయి ఉండాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. మూసీ పడమటి నుంచి తూర్పుకు పారే నది కాబట్టి గండిపేటకు ఆనకట్ట తూర్పునే ఉంది. చాలా చెరువుల్లో వెలుగు, గాలి కుదిరే చోటే కట్ట, కట్ట దగ్గరే లోతు. మునగకుండా మేసే బాతులకు లోతు పనికిరాదు, వాటికి తల ముంచితే అడుగు అందే నీళ్లు కావాలి. అవి శిఖం వైపు, అంటే నీళ్లు పలచగా పరుచుకునే ఎగువ వైపు, వాగు వచ్చి కలిసే మూలల్లో ఉంటాయి. అందుకని చెరువు మొత్తానికి తూర్పు గట్టు వెతక్కండి. శిఖం వైపున్న చిన్న చిన్న మూలలు చూడండి, నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన చోటు ఏదైనా సరే. ఆ మూలకు తూర్పు అంచున కూర్చుంటే చాలు. ఫోన్లో ఉపగ్రహ మ్యాప్ తెరిస్తే ఇంట్లో కూర్చునే ఇలాంటివి రెండు మూడు గుర్తుపట్టవచ్చు. మ్యాప్‌లో నీళ్లున్నచోట ఇప్పుడు బురద ఉండొచ్చు, బురద ఉన్నచోట వెంచర్ బోర్డు ఉండొచ్చు. అది మాత్రం వెళ్లి చూసుకోవాల్సిందే.

సాయంత్రం లెక్క వేరు. ఎండ నైరుతికి పోతుంది, గాలి మాత్రం తూర్పు నుంచే ఉంటుంది. ఎండ వెనక ఉంచుకుంటే తోకలు, ముఖాలు కావాలంటే ఎదురెండ. అందుకే సాయంత్రం వివరాల కోసం నేను పాకులాడను. అదే తూర్పు గట్టున కూర్చుని, బంగారు రంగు నీళ్ల మీద నల్లటి ఆకారాలు తీస్తాను. దానికి కొంగలు, పెలికాన్లు బాగుంటాయి. బాతుల ఆకారం నీడలో అంత తెలియదు.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. నిలబడి తీస్తే బాతు వెనక రెండు మూడు మీటర్ల నీళ్లే నేపథ్యం. అలలు, గుర్రపు డెక్క, తేలే ప్లాస్టిక్ అన్నీ స్పష్టంగా పడతాయి. లెన్స్ నీటికి జానెడు పైన ఉంటే నేపథ్యం అవతలి గట్టు అవుతుంది, అది వంద మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఎఫ్ 6.3 అపర్చర్‌తో (లెన్స్ తెరుచుకునే మేర) కూడా మెత్తగా కరిగిపోతుంది. ఖరీదైన లెన్స్‌తో తీసినట్టు ఉంది అని జనం అనే ఫొటోల్లో చాలావరకు పడుకుని తీసినవే. ఒక్క హెచ్చరిక. ఇదంతా ఊరి చెరువులకు చెప్పిన మాట. మంజీరాలో నీటి అంచున పడుకోకండి. అక్కడ మొసళ్లున్నాయి, అవీ చలికాలంలో ఎండ కాగడానికి గట్టుకే వస్తాయి.

కెమెరా సెట్టింగులు. మీ డీ5600లో ఎస్ మోడ్ (షట్టర్ వేగం మీరు పెడితే మిగతాది కెమెరా చూసుకునేది) పెట్టండి, ఆటో ఐఎస్ఓ (వెలుగును బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునేది) ఆన్ చేసి గరిష్ఠం 3200 ఇవ్వండి. షట్టర్ వేగం ఈదే బాతుకు 1/500 సెకను, దిగేదానికి, కొట్లాడేదానికి 1/1250, ఎగిరేదానికి 1/2000. మాన్యువల్‌లో కూడా చేయొచ్చు కానీ ఈ కెమెరాకు ఒకటే డయల్. మాన్యువల్‌లో ప్లస్ మైనస్ బటన్ నొక్కి తిప్పితే అపర్చర్ మారుతుంది. ఎస్ మోడ్‌లో అదే బటన్‌తో వెలుగు సరిచేసుకోవచ్చు, బొటనవేలితో క్షణంలో అయ్యే పని. ఫోకస్ ఏఎఫ్-సీలో, అంటే కదిలేదాన్ని వెంబడించే పద్ధతిలో ఉండాలి. ఏఈ-ఎల్ ఏఎఫ్-ఎల్ అని ఉన్న బటన్‌కు మెనూలో ఏఎఫ్-ఆన్ పని అప్పగించండి. అప్పుడు ఫోకస్ బొటనవేలికి, షట్టర్ చూపుడువేలికి అవుతాయి. బాతు ముందుకు గడ్డిపరక అడ్డొస్తే బొటనవేలు ఎత్తేయండి, ఫోకస్ అక్కడే ఆగుతుంది. ఎగిరేవాటికి మధ్యలోని 9 ఫోకస్ పాయింట్లు చాలు, 39 ఇస్తే కెమెరా నీటి మెరుపుల వెంట పడుతుంది. మీ లెన్స్ ఏఎఫ్-పీ రకం అయితే వైబ్రేషన్ తగ్గించే వీఆర్‌కు స్విచ్ లెన్స్ మీద ఉండదు, మెనూలో ఉంటుంది. 1/2000లో తీసేటప్పుడు ఆపేసినా ఫరవాలేదు.

వెలుగు విషయంలో కెమెరాను గుడ్డిగా నమ్మకండి. ముదురు నీళ్ల మీద తెల్ల కొంగను చూపిస్తే అది కొంగను సున్నం గోడ చేసేస్తుంది, మైనస్ 0.7 నుంచి 1 దాకా తగ్గించండి. తెల్లటి ఆకాశంలో ఎగిరే గుంపును మసి చేస్తుంది, ప్లస్ 1 ఇవ్వండి. సూదితోక బాతు మగది కష్టమైన కేసు. తల ముదురు గోధుమ రంగు, రొమ్ము పాలతెలుపు. రొమ్ము మీది తెలుపు పోకుండా చూసుకోండి, తల నీడలు తర్వాత కంప్యూటర్లో లేపుకోవచ్చు. పోయిన తెలుపు తిరిగి రాదు.

ఎగిరేవి మసకగా రావడానికి షట్టర్ ఒక్కటే కారణం కాదు. మీరు అవి ఎగిరాక కెమెరా ఎత్తుతున్నారు. ఎగరబోయే ముందే తెలుసుకోవాలి, అది పిట్టలే చెబుతాయి. చాలా బాతులు లేవబోయే ముందు తలలు పైకీ కిందికీ ఆడిస్తాయి, ఒకటి మొదలెడితే పక్కవీ అందుకుంటాయి. సూదితోక, టీల్, షోవెలర్, గార్గనీ లాంటి పైపైన మేసేవి నీటి మీంచి నిట్టనిలువుగా ఎగిరిపోతాయి కాబట్టి ఫ్రేములో పైన ఖాళీ వదలండి. పోచార్డ్ లాంటి మునిగే బాతులూ, కూట్‌లూ అలా లేవలేవు. నీటి మీద పరుగు తీసి, నీళ్లు చిందించుకుంటూ లేస్తాయి. కాబట్టి వాటికి ముందువైపు ఖాళీ ఉండాలి. ఆ పరుగు ఫొటోకు కూట్‌ను మించింది లేదు, అవి ఊరికే ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి కూడా. మార్ష్ హారియర్ గద్ద జమ్ము మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ వస్తే కూట్‌లన్నీ దగ్గరకు జరిగి ముద్దగా అయిపోతాయి. అది కనబడగానే గద్దను కాకుండా కూట్‌ల గుంపును పట్టుకుని ఉండండి, అక్కడే ఏదో ఒకటి జరుగుతుంది.

మొదటి నెలలో మీరు సాధన చేయాల్సింది ఎగిరే ఫొటో కాదు, రెక్కలు విదిల్చే ఫొటో. ఇది దాదాపు ముందే చెప్పేసి జరుగుతుంది. సూదితోక మగబాతు స్నానం చేయడం చూడండి. తల ముంచి నీళ్లు వీపు మీదికి తోసుకుంటుంది, మళ్లీ ముంచుతుంది. రెక్కలు సగం తెరిచి నీటిని బాదుతుంది. ఒక్కోసారి సగం పక్కకు ఒరుగుతుంది. ఇలా నిమిషాల పాటు సాగుతుంది, మీరు తొందరపడి బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేలోపు కెమెరా దాచుకునే చోటు) నింపుకోకండి. డీ5600 సెకనుకు ఐదు ఫొటోలే తీస్తుంది, రాలో అయితే కాసేపటికే ఊపిరి తీసుకోవడానికి ఆగిపోతుంది. స్నానం అయ్యాక బాతు ఒక్క క్షణం కదలకుండా ఉంటుంది. తర్వాత నీటిలోంచి నిలువుగా లేచి, రొమ్ము ముందుకు పెట్టి, నాలుగైదుసార్లు రెక్కలు కొడుతుంది. రెండు సెకన్లు, అంతే. ఆ కదలకుండా ఉన్న క్షణంలోనే 1/2000కు మారి, జూమ్ కొంచెం వెనక్కి తీసి సిద్ధంగా ఉండాలి. చాలామందికి రెక్కల కొసలు తెగిపోయేది బాతు పెద్దగా కనబడుతోందన్న ఆశతో జూమ్ తగ్గించకపోవడం వల్లే. గాలి వెనక నుంచి ఉంటే ఇందులోనూ అది మీవైపు తిరిగే విదిలిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలంటే, జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరులో గుంపులు దిగినట్టు వార్తలొస్తాయి, మనం ఉరుకుతాం, తీరా చూస్తే అన్నీ గోధుమ రంగు ఆడబాతుల్లాగే ఉంటాయి. వాటిలో సగం మగవే. సంతానోత్పత్తి అయ్యాక మగబాతులు మెరిసే ఈకలు రాల్చేసి మట్టిరంగులోకి మారతాయి, మన దగ్గరికి వచ్చేసరికి అదే వేషంలో ఉంటాయి. కొత్త ఈకలు మెల్లగా వస్తాయి, షోవెలర్లకు మరీ ఆలస్యం. జనవరి నాటికి రంగులు నిండుగా ఉంటాయి, పైగా జతలు కుదుర్చుకోవడం కూడా ఇక్కడే మొదలవుతుంది. ఒక ఆడబాతు చుట్టూ మగవి చేరి తలలు వెనక్కి విరవడం, తోకలు ఎత్తడం చూడొచ్చు. మార్చి దాటితే గుంపులు పలచబడతాయి. ఇంకో మాట, జలాశయం నిండుకుండలా ఉన్న ఏడాది బాతులు ఎక్కువ ఉంటాయనుకుంటాం. తరచూ తిరగబడుతుంది. నీళ్లు అంచుదాకా ఉంటే లోతు తక్కువ మేతచోట్లు మునిగిపోతాయి, పిట్టలు వేరే చెరువులకు చెదిరిపోతాయి. నీళ్లు తగ్గి బురద అంచు బయటపడిన చోటికి వెళ్లండి.

చోట్లు. మీకు అమీన్‌పూరే దగ్గర, దాన్ని వదలకండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు అది, ఒక నగరపు చెరువుకు ఆ హోదా రావడం దేశంలో అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, అయినా ఫ్లెమింగోలు కూడా కనబడే చోటు. ఆదివారం మాత్రం మానేయండి. వాకింగ్, ప్రీ-వెడ్డింగ్ షూట్లు, బిస్కెట్ల కోసం వచ్చే కుక్కలు, ఇన్నింటి మధ్య బాతు దగ్గరికి రమ్మంటే రాదు. వారం మధ్యలో ఒక పూట ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లే వీలుంటే అది నాలుగు ఆదివారాలతో సమానం. గండిపేట, హిమాయత్‌సాగర్ పెద్దవి, 1908 మూసీ వరదల తర్వాత కట్టినవి. అక్కడ పిట్టలు దూరంగా ఉంటాయి, 300తో కష్టపడతారు. సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యానికి అటవీశాఖ అనుమతి అడిగి వెళ్లండి. మెదక్ వైపు పోచారం బార్ హెడెడ్ గూస్‌ల కోసం వెళ్లదగ్గ చోటు.

ఆ గూస్‌ల గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. తెల్లటి తల వెనక రెండు నల్ల పట్టీలుంటాయి, అదే గుర్తు. మంగోలియా, టిబెట్, లద్దాఖ్ ప్రాంతాల్లో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వస్తాయి. ట్రాకర్లు కట్టి చూస్తే 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు నమోదైంది. పగలు నీటి మధ్యనో, దిబ్బ మీదనో విశ్రాంతి తీసుకుంటాయి, రాత్రి, తెల్లవారుజామున పొలాల్లో మేస్తాయి. కాబట్టి ఫొటో దొరికేది పొద్దున్నే పొలాల నుంచి చెరువుకు తిరిగొచ్చే దారిలో. ఆ దారి కింద ముందే నిలబడితే తలల మీదుగా పోతాయి. పొలం ఎవరిదో వాళ్లని అడిగి దిగండి. ఆ గూస్‌లు మేసేది వాళ్ల పంటే, మీరూ తొక్కితే కోపం రాదా మరి. అన్నట్టు, చలికాలంలో కనబడే ప్రతి పెద్ద పిట్టనూ సైబీరియా నుంచి వచ్చిందని రాసేయకండి. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు మన ఉపఖండంలోనే గూళ్లు కట్టుకునేవి.

పొగమంచు, చెట్లు, పొలాలకు కెమెరాతో వచ్చిన లెన్సే చాలు. మన ఊళ్లో చలికాలం ఫొటోలకు ఉన్న అదృష్టం ఏమిటంటే, డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు. మేలో నడినెత్తిన ఉంటాడు. అందుకే జనవరిలో పదింటికి కూడా వెలుతురు బాగానే ఉంటుంది, బాతులకు కాకపోయినా గడ్డికి, ఆకులకు. నీటి మీద ఆవిరి లేచేది రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేని, బాగా చలి పెట్టిన తెల్లవారుజామునే. అలాంటి రోజు సూర్యుడికి ఎదురుగా తిరిగి, ప్లస్ 1 ఇచ్చి తీయండి, తెప్ప మీది మనిషి అందులోకి వస్తే ఇంకేం కావాలి. తుంగ మీద సాలెగూళ్లకు మంచు పట్టి ఉంటుంది, అదీ వెనక నుంచి ఎండ వచ్చేలా. ఫిబ్రవరిలో బూరుగ, మోదుగ పూస్తాయి. ఆకుల్లేని కొమ్మలకు ఎర్రటి పూలు, వాటిలోని తేనె కోసం రోజీ స్టార్లింగ్ అనే గోరింకల గుంపులు. చెట్టు కింద కూర్చుంటే చాలు, అవి మనుషుల్ని పట్టించుకోవు. వికారాబాద్, జహీరాబాద్ వైపు జొన్న చేలల్లో అవే వందల్లో దిగుతాయి.

ఒక విషయంలో మాత్రం కఠినంగా చెబుతాను. గుంపు ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టడం, రాయి వేయడం, డ్రోన్ పంపడం చేసేవాళ్లతో కలిసి వెళ్లకండి. వేల కిలోమీటర్లు తిరిగి ఎగరడానికి అవి ఇక్కడ కొవ్వు కూడబెట్టుకుంటున్నాయి, ప్రతిసారీ లేపితే ఆ తిండి ఖర్చయిపోతుంది. ఫొటో కూడా బాగుండదు, భయపడి లేచిన గుంపు మీకు వీపు చూపించే లేస్తుంది. అరుదైన పిట్ట దొరికితే ఫొటో పెట్టండి, చోటు పెట్టకండి. వలలు వేసేవాళ్లూ ఫోన్లు చూస్తారు.

తెలిసినవాళ్లతో తిరగడం మొదట్లో చాలా పనికొస్తుంది. డెక్కన్ బర్డర్స్ (పూర్వపు బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్), హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ నగరంలో పక్షుల వాక్‌లు పెడుతుంటాయి. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనకు కూడా స్వచ్ఛందంగా వెళ్లొచ్చు. ఆ రోజు కెమెరా పక్కనపెట్టి బైనాక్యులర్స్ పట్టుకోండి. ఏ బాతు ఏ మూలన మేస్తుందో లెక్కపెట్టేవాళ్లకు తెలిసినంతగా ఫొటోగ్రాఫర్లకు తెలియదు.

ఇదంతా ఈ సీజన్ చేశాక కూడా 300 చాలడం లేదనిపిస్తే, 150-600ను ఒక వారాంతం అద్దెకు తీసుకుని చూడండి. సుమారు రెండు కిలోల బరువు, పడుకుని తీయడానికి దిండు మీద బాగుంటుంది, చేత్తో పట్టుకుని ఎగిరేవాటిని తీయాలంటే మొదట్లో భుజాలు పోతాయి. అది తెలిశాక కొనాలో వద్దో మీరే తేల్చుకుంటారు.

రానా జేపెగ్గా అన్నారు కదా. తెల్ల రొమ్ము, ముదురు తల ఉన్న బాతులకు రా, అందులో సందేహం లేదు. కూట్‌ల పరుగు, గుంపులు లేచేటప్పుడు బఫర్ నిండితే చిరాకు కాబట్టి అప్పుడు జేపెగ్ ఫైన్‌కు మారండి. రెండూ కలిపి తీసే సెట్టింగ్ మాత్రం ఈ కెమెరాలో వద్దు, ఇంకా తొందరగా ఆగిపోతుంది. వేగంగా రాసే మంచి ఎస్‌డీ కార్డు ఒకటి వేసుకోండి, బ్యాటరీ రెండోది ఉంచుకోండి. ఈసారి వెళ్లొచ్చాక ఫొటోలతో పాటు ఏ గట్టున కూర్చున్నారో, గాలి ఎటు నుంచి ఉందో కూడా రాయండి, అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్పగలను.